గ్రహాలా, గూగులా, వాహన్ లెక్కలా? మార్కెట్ అంచనాకు వింత పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలి

2024 జూన్ 3, సోమవారం. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ చూసుకుని నిఫ్టీ ఒక్కరోజులో 3.25 శాతం ఎగిరింది. మర్నాడు ఓట్లు లెక్కపెడుతుంటే దాదాపు 6 శాతం పడింది. శుక్రవారం మార్కెట్ మూసే సమయానికి మళ్లీ సోమవారం నాటి ధరను దాటేసింది. నిజానికి ఎగ్జిట్ పోల్స్ గెలిచే కూటమిని సరిగ్గానే చెప్పాయి. సీట్లు మాత్రం చాలా సంస్థలు 350 దాటిస్తే, ఎన్డీయేకు వచ్చినవి 293. గెలిచేది ఎవరో సరిగ్గా ఊహించినవాళ్లు కూడా సోమవారం కొని మంగళవారం భయపడి అమ్ముకుని ఉంటే నష్టపోయారు.

మార్కెట్ అంచనాలో ఉన్న చిక్కంతా ఆ వారంలో కనబడుతుంది. జరగబోయేది తెలియడం వేరు, అది ధరలోకి ఎంతవరకు చేరిపోయిందో తెలియడం వేరు. కంపెనీ లాభాలు, పీఈ నిష్పత్తి లాంటి మామూలు దారులు వదిలేసి, జ్యోతిషం నుంచి ఉపగ్రహ చిత్రాల దాకా జనం వాడే వేరే దారులు చాలా ఉన్నాయి. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, డీమాట్ ఖాతా ఉండి, వీటిలో ఏదైనా పనికొస్తుందా అని చూస్తున్నవాళ్ల కోసం ఈ పోలిక రాస్తున్నాను.

ఎందుకు ఇంత శ్రద్ధగా చూడాలంటే, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలే భయపెడుతున్నాయి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ముందు తేదీ ధర మీద కట్టే ఒప్పందాలు) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఆ తర్వాతి ఏడాది కూడా నష్టపోయినవాళ్లు 91 శాతం. వీళ్లందరూ గుడ్డిగా దిగినవాళ్లని నేను అనుకోను. చాలామంది చేతిలో ఒక చార్టో, ఒక సూత్రమో, ఒక గ్రూపులో వచ్చిన కాల్ (కొను, అమ్ము అనే సలహా) అయినా ఉండే ఉంటుంది.

ఏ పద్ధతినైనా నేను నాలుగు ప్రశ్నలతో చూస్తాను. అది పనిచేయడానికి ఒక కారణం చెప్పగలమా? తప్పినప్పుడు "తప్పింది" అని తేల్చి చెప్పే వీలుందా? ఆ సమాచారం మనకన్నా ముందే ఎవరికి చేరుతోంది? బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను), మిగతా పన్నులు పోగా ఏమైనా మిగులుతుందా? ఇందులో రెండోది అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కువ పద్ధతులు అక్కడే ఆగిపోతాయి.

గ్రహాలు, గ్యాన్ లెక్కలు

మన దగ్గర దీనికి పాత వేళ్లున్నాయి. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో రాజు, మంత్రి, సస్యాధిపతి, మేఘాధిపతితో పాటు అర్ఘాధిపతి ఫలం కూడా చదువుతారు. ధరవరలు ఆ ఏడాదికి ఆయన చేతిలో ఉన్నట్టు. పంట మీదే బతుకంతా ఆధారపడిన రోజుల్లో, ఏడాదికి మనసును సిద్ధం చేసుకోవడానికి అదొక తోడు. ఆ సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది. కాని బ్యాంక్ నిఫ్టీ మధ్యాహ్నం రెండింటికి ఎటు తిరుగుతుందో చెప్పడానికి అది పుట్టలేదు. దాన్ని అక్కడికి లాక్కొచ్చేది మనమే.

షేర్లకు గ్రహాలు ముడిపెట్టేవాళ్లు ఎక్కువగా చెప్పేది బుధుడి వక్రగతి (ఆకాశంలో వెనక్కి నడుస్తున్నట్టు కనబడటం) గురించి. బుధుడు ఏడాదికి మూడు నాలుగుసార్లు వక్రిస్తాడు, ప్రతిసారీ మూడు వారాల పైన. అంటే ఏడాదిలో దాదాపు ఐదో వంతు. ముందూ వెనకా ఇంకో వారం "ప్రభావం ఉంటుంది" అని కలిపితే, మార్కెట్‌లో వచ్చే పతనాల్లో చాలావాటిని దానికి అంటగట్టొచ్చు. 2020నే చూడండి. బుధుడు ఫిబ్రవరి మధ్యలో వక్రించి మార్చి 10 నాటికే నేరుగతికి వచ్చేశాడు. సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు, అంటే 13 శాతం పడింది మార్చి 23న. వక్రగతి పోయింది కదా అని 11న కొన్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి.

టెక్సాస్‌లో 1878లో పుట్టిన డబ్ల్యూ.డి. గ్యాన్ ఇదే దారిలో కోణాలు, చదరాలు, కాలచక్రాలు కలిపి ఒక పెద్ద విధానం తయారుచేశాడు. మన ఇంట్రాడే ట్రేడర్లలో "స్క్వేర్ ఆఫ్ నైన్" క్యాలిక్యులేటర్లు వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో ఒక ధర వేస్తే పైన ఐదు, కింద ఐదు స్థాయిలు ఇస్తుంది. అన్ని స్థాయిలు ఉన్నప్పుడు ధర ఏదో ఒకదాని దగ్గర ఆగకుండా ఉండదు. ఆగినప్పుడు గ్యాన్ గెలిచాడంటారు. దాటినప్పుడు "తర్వాతి స్థాయికి పోతోంది" అంటారు. నా రెండో ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు.

చంద్రుడి విషయంలో మాత్రం ఒక నిజమైన పరిశోధన ఉంది. 48 దేశాల మార్కెట్లు చూసి 2006లో ప్రచురించారు. పౌర్ణమి చుట్టూ ఉన్న రోజులకన్నా అమావాస్య చుట్టూ ఉన్న రోజుల్లో రాబడి ఎక్కువని, ఏడాదికి లెక్కేస్తే తేడా 3 నుంచి 5 శాతమని వాళ్లు చెప్పారు. మనుషుల మూడ్ కారణం కావచ్చని వివరణ. అలా అని దాన్ని వాడబోతే ప్రతి పక్షానికీ కొని అమ్మాలి. ఏడాదికి పాతిక సార్లకు అటూ ఇటూ ఖర్చులు, వచ్చిన లాభం మీద 20 శాతం స్వల్పకాల పన్ను. మిగిలేది ఏమీ కనబడదు.

కాబట్టి ఈ వర్గం గురించి నా మాట ఇది. మంచిరోజు చూసి సిప్ (నెలనెలా కట్టే మదుపు) మొదలుపెట్టండి, తప్పేమీ లేదు. దీపావళి నాడు కాసేపు జరిగే మూరత్ ట్రేడింగ్‌లో ఒక షేరు కొనండి, బీఎస్‌ఈలో 1957 నుంచి ఉన్న ఆచారం అది. ఏం కొనాలో, ఎంత కొనాలో మాత్రం గ్రహాలకు వదలొద్దు.

ఇలియట్ అలలు

రాల్ఫ్ నెల్సన్ ఇలియట్ అనే అమెరికన్ అకౌంటెంట్ 1930లలో చెప్పిన సిద్ధాంతం. ధర ఐదు అలలుగా ముందుకు, మూడు అలలుగా వెనక్కి నడుస్తుందంటాడు. గ్రహాలకన్నా దీనికి కాస్త ఎక్కువ తర్కం ఉంది. జనంలో ఆశ, భయం మారిమారి వస్తాయన్నది నిజమే. ఇబ్బంది లెక్కింపులో ఉంది. ఒకే చార్టును ఇద్దరు నిపుణులకు ఇస్తే ఒకరు మూడో అల అంటారు, ఇంకొకరు ఐదోది అయిపోయిందంటారు. మొదటివారి ప్రకారం కొనాలి, రెండోవారి ప్రకారం అమ్మాలి. ధర ఎదురు తిరిగితే "ఆల్టర్నేట్ కౌంట్" తీస్తారు. చార్ట్ చదవడంలో ఆసక్తి ఉన్నవాళ్లకు మంచి అభ్యాసం. స్టాప్‌లాస్ (నష్టం ఆపుకుని బయటపడే ధర) ఎక్కడ పెట్టాలో ఒక క్రమశిక్షణ ఇస్తుంది, అంతవరకు ఉపయోగం. అంతకుమించి ఆశించొద్దు.

సూపర్ బౌల్, పావడా పొడవు, ఆకాశహర్మ్యాలు

వీటిని త్వరగా దాటేద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఫలానా వైపు జట్టు గెలిస్తే ఆ ఏడాది అమెరికా మార్కెట్ పెరుగుతుందని లెనర్డ్ కాపెట్ అనే క్రీడా రచయిత 1978లో గమనించాడు. కొన్నాళ్లు ఆశ్చర్యపడేంతగా కుదిరింది, తర్వాత చెడిపోయింది. స్త్రీల పావడాలు పొట్టివైతే మార్కెట్ పైకి అన్న మాటను 1920ల నాటి ఒక అమెరికా ఆర్థికవేత్తకు ఆపాదిస్తారు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం లేస్తే మాంద్యం దగ్గర పడ్డట్టేనని 1999లో ఆండ్రూ లారెన్స్ చెప్పాడు. ఎంపైర్ స్టేట్ మహామాంద్యం మధ్య 1931లో, బుర్జ్ ఖలీఫా 2008 సంక్షోభం వెనకే 2010 జనవరిలో తెరుచుకున్నాయి కాబట్టి ఈ మూడిట్లో ఇదొక్కటే కొంత ఆలోచింపజేస్తుంది. అప్పు చవగ్గా దొరికిన కాలంలోనే అంత పెద్ద కట్టడాలకు సాహసిస్తారు. కాని భవనం మొదలుపెట్టిన రోజు లెక్కా, పూర్తయిన రోజు లెక్కా అన్నది ఎవరికి కావలసినట్టు వాళ్లు తీసుకుంటారు.

వీటన్నిటికీ మందు డేవిడ్ లైన్‌వెబర్ చేసిన ఒక ప్రయోగం. ఏ సంబంధమూ లేని గణాంకాల గుట్టలో వెతికి, బంగ్లాదేశ్‌లో వెన్న ఉత్పత్తితో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ కదలికల్లో 75 శాతం "వివరించొచ్చు" అని చూపించాడు. అమెరికా చీజ్ ఉత్పత్తి, రెండు దేశాల గొర్రెల సంఖ్య కలిపితే 99 శాతం. జనాన్ని హెచ్చరించడానికే ఆయన ఈ పని చేశాడు. ఎవరైనా "పదేళ్ల బ్యాక్‌టెస్ట్‌లో (పాత ధరల మీద చేసిన పరీక్షలో) 90 శాతం కరెక్ట్" అని సాఫ్ట్‌వేర్ అమ్మజూపితే, అది దొరికేముందు ఎన్ని కాంబినేషన్లు ప్రయత్నించి పారేశారో అడగండి.

జనం మూడ్‌ను కొలిచే పద్ధతులు

ఇక్కడి నుంచి విషయం రుచిగా ఉంటుంది, ఎందుకంటే నా మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. కొనేదీ అమ్మేదీ మనుషులు. మనుషుల మనసు మారితే ధర మారాలి.

ఎండ కాసిన రోజున మార్కెట్లు కొంచెం మెరుగ్గా ఉంటాయని 26 నగరాల మీద చేసిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. ఫుట్‌బాల్ ప్రపంచకప్ నుంచి ఒక దేశం ఇంటిదారి పడితే మర్నాడు ఆ దేశపు మార్కెట్ సగటున అర శాతం దాకా వెనకబడుతుందని 2007లో ఇంకొకటి తేల్చింది. గెలిస్తే మాత్రం పెరగదట, ఓటమి బాధే ఎక్కువ. ఆ పరిశోధకులు క్రికెట్‌ను కూడా చూశారు, అందులోనూ ప్రభావం ఉంది కాని చిన్నది. మనకు అనుభవమే ఉంది. 2023 నవంబరు 19 ఆదివారం అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ ఓడిపోయాం. దేశమంతా నీరసపడి ఉన్న ఆ సోమవారం నిఫ్టీ తగ్గింది 0.19 శాతం. నిజంగా క్రికెట్ వల్లే అనుకున్నా, దాంతో ఖర్చులు కూడా రావు.

ట్విట్టర్ సంగతి పెద్దగా మోగింది. 2010లో ఇండియానా యూనివర్సిటీకి చెందిన యోహాన్ బోలెన్ బృందం ట్వీట్లలో "ప్రశాంతత" కొలిచి, అమెరికా సూచీ డో జోన్స్ పెరుగుతుందా తగ్గుతుందా అన్నది 87 శాతం దాకా సరిగ్గా చెప్పామంది. ప్రపంచమంతా పత్రికలు రాశాయి, లండన్‌లో దీని ఆధారంగా ఒక ఫండ్ కూడా పుట్టింది. అది ఎక్కువకాలం నడవలేదు. అసలు పరీక్ష జరిగింది 2008 డిసెంబరులో మూడు వారాలు మాత్రమేనని చదివినవాళ్లు ఎంతమంది? మూడు వారాల్లో 15 ట్రేడింగ్ రోజులుంటాయి. అంత చిన్న కాలం మీద ఏ పద్ధతినీ నమ్మలేం.

గూగుల్‌లో జనం వెతికే మాటలతో 2013లో వచ్చిన అధ్యయనం ఇంకా ఆకర్షణీయం. 98 పదాలు తీసుకున్నారు. "అప్పు" అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట వెతుకులాట పెరిగితే అమ్మడం, తగ్గితే కొనడం అనే నియమంతో 2004 నుంచి 2011 వరకు 326 శాతం లాభం వచ్చేదని తేలింది. కొని ఊరుకుంటే 16 శాతమే. ఇది చూసి నాకూ ఉత్సాహం వచ్చింది. తర్వాత 98 అనే అంకె దగ్గర ఆగాను. 98 మాటల్లో బాగా గెలిచినది ఏదో ఆట అయిపోయాక తెలిసింది. 2004లో కూర్చుని ఆ ఒక్క మాటనే ఎందుకు ఎంచుకుంటాం? పైగా ఖర్చులు లెక్కలోకి తీసుకోలేదు.

మూడో ప్రశ్న కూడా ఈ వర్గాన్ని గట్టిగా దెబ్బతీస్తుంది. 2013 ఏప్రిల్ 23న అసోసియేటెడ్ ప్రెస్ ట్విట్టర్ ఖాతాను ఎవరో హ్యాక్ చేసి, వైట్‌హౌస్‌లో పేలుళ్లని ఒక అబద్ధం పెట్టారు. డో జోన్స్ క్షణాల్లో 140 పాయింట్లకు పైగా పడి, నిమిషాల్లో కోలుకుంది. ట్వీట్లు చదివి అమ్మే కంప్యూటర్లు అప్పటికే అక్కడ ఉన్నాయి. ఫోన్లో నోటిఫికేషన్ చూసి యాప్ తెరిచేలోపు ఆ కథ ముగుస్తుంది.

మూడ్ కొలతల్లో మన చేతికి ఉచితంగా అందేది ఇండియా వీఐఎక్స్. ఎన్‌ఎస్‌ఈ దీన్ని నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి లెక్కకడుతుంది. రాబోయే 30 రోజుల్లో ఎంత ఊగిసలాట ఉంటుందని జనం అనుకుంటున్నారో చెబుతుంది, ఏ వైపుకో చెప్పదు. "వీఐఎక్స్ బాగా పెరిగిందంటే కొనే సమయం వచ్చినట్టే" అనే మాట పూర్తిగా నమ్మొద్దు. 2020 మార్చి 12న అది 40 దాటింది, నిఫ్టీ 9,590 దగ్గర ఉంది. 23కి నిఫ్టీ 7,610కి దిగింది, వీఐఎక్స్ ఇంకా పైకి పోయింది. దీని అసలు ఉపయోగం ఆప్షన్లు కొనేవాళ్లకు. ఎన్నికలు, బడ్జెట్ లాంటి రోజు ముందు వీఐఎక్స్ ఎక్కువగా ఉంటే ప్రీమియంలు (ఆప్షన్ల ధరలు) అప్పటికే ఉబ్బి ఉన్నట్టు. ఫలితం రాగానే ఆ గాలి పోతుంది. 2024 జూన్ 5న అదే జరిగింది, వీఐఎక్స్ ఒక్కరోజులో 20 లోపుకు వచ్చేసింది. దిశ సరిగ్గా ఊహించినా డబ్బు పోయేది ఇలాగే.

ఎన్నికల అంచనాలు, పందేలు

అదే వారంలో మన రాష్ట్రానికి చెందిన ఇంకో పాఠం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం గెలుపుతో, చంద్రబాబు నాయుడు స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు ఐదారు రోజుల్లో సగానికి పైగా పెరిగింది. ఢిల్లీ టీవీలకన్నా ముందే గాలి ఎటు వీస్తోందో తెలిసినవాళ్లు గుంటూరులో, విజయవాడలో చాలామంది ఉన్నారు. స్థానికుడికి ఉండే ఈ సమాచారం నిజంగా విలువైనదే. కాని ప్రభుత్వం మారినంత మాత్రాన పాలు, పెరుగు అమ్మకాలు ఎందుకు పెరగాలి అన్న ప్రశ్నకు జవాబు లేకుండానే షేరు పరిగెత్తింది. ఫలితాల తర్వాత పైధరలో ఎక్కినవాళ్లకు ఏడాది తిరగకముందే ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం కరిగిపోయింది.

జనం డబ్బు పెట్టి పందెం కాస్తే సర్వేలకన్నా నిజం బయటపడుతుందన్న ఆలోచనతో అయోవా విశ్వవిద్యాలయం 1988 నుంచి ఒక ఎలక్షన్ మార్కెట్ నడిపింది. విద్యగా అది మంచి ప్రయోగం. మన దేశంలో ఇదే తరహాలో "అవుననేదా, కాదనేదా" అని పందెం కట్టించిన ఒపీనియన్ ట్రేడింగ్ యాప్‌లు తన పరిధిలోకి రావని, వాటిలో మదుపరికి ఏ రక్షణా లేదని సెబీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది. ఆ ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధ చట్టం వచ్చింది. ఈ దారి మనకు మూసుకుపోయినట్టే.

వ్యాపారాన్ని బయటి నుంచి లెక్కపెట్టడం

నేను ఎంచుకోమని చెప్పేది ఈ చివరి వర్గాన్ని. ఇది రేపటి ధర జోలికి పోదు. కంపెనీ తన ఫలితాలు ప్రకటించేలోపే దాని అమ్మకాలు ఎలా ఉన్నాయో బయటి ఆనవాళ్ల నుంచి తెలుసుకుంటుంది.

అమెరికాలో 2010లోనే యూబీఎస్ బ్యాంకు విశ్లేషకులు ఉపగ్రహ చిత్రాల్లో వాల్‌మార్ట్ పార్కింగ్‌లో కార్లు లెక్కపెట్టించారు. తర్వాత బర్క్లీ పరిశోధకులు ఇలాంటి డేటాను పరీక్షించి, అది కొన్నవాళ్లకు నిజంగానే లాభం వచ్చిందని, డేటా అందని మామూలు మదుపరులు మాత్రం ఇంకా వెనకబడ్డారని చెప్పారు. ఉపగ్రహాలు మన బడ్జెట్‌లో లేవు, నిజమే. కాని మన దేశంలో ప్రభుత్వమే ఉచితంగా పెడుతున్న డేటాను చాలామంది తెరిచి కూడా చూడరు.

కేంద్ర రవాణా శాఖ నడిపే వాహన్ డాష్‌బోర్డులో ఏ కంపెనీ బండ్లు ఎన్ని రిజిస్టర్ అయ్యాయో కనబడుతుంది. 2025 ఫిబ్రవరిలో 25 వేల బండ్లు అమ్మామని ఓలా ఎలక్ట్రిక్ చెబితే, వాహన్‌లో కనబడినవి దాదాపు 8,600. రిజిస్ట్రేషన్ చేసే ఏజెన్సీలతో ఒప్పందాలు మార్చుకోవడం వల్ల ఆలస్యమైందని కంపెనీ వివరణ ఇచ్చింది. ఆ వివరణ ఎవరికి ఎలా అనిపించినా, అంకెల మధ్య తేడాను ఇంటి దగ్గర కూర్చున్న మదుపరి కూడా చూడగలిగాడు. ఒక్క జాగ్రత్త. చాలాకాలం తెలంగాణ రిజిస్ట్రేషన్లు వాహన్‌లో కలవలేదు, డీలర్ల సంఘం ఫాడా నెలనెలా ఇచ్చే లెక్కల్లోనూ ఆ మాట రాసేవాళ్లు. హైదరాబాద్‌లో బాగా అమ్ముడయ్యే బండి వాహన్‌లో తక్కువగా కనబడొచ్చు. పాత నెలలతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏసీల సంగతి చూడండి. 2025లో రుతుపవనాలు మే 24కే కేరళ తాకాయి, 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే. మన ఊళ్లలో రోహిణి కార్తె మొదలవుతుండగానే వానలు. కిటికీ బయట చూస్తే తెలిసిపోయే విషయమిది. ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో వోల్టాస్ లాభం సగానికి పైగా పడిపోయింది. అయితే ఫలితాలు వచ్చిన ఆగస్టు నాటికి షేరు అప్పటికే చాలా తగ్గి ఉంది. అందరికీ కనబడే వాన అందరికీ ఒకేసారి తెలుస్తుంది. అలాంటి చోట ఈ డేటా అమ్మాలా వద్దా అన్నదానికన్నా, "ఇప్పుడు తొందరపడి కొనొద్దు" అన్నదానికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

తెలుగువాళ్లకు ఎక్కువ పట్టున్న రంగం మందులు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మన ఫ్యాక్టరీలకు ఇచ్చే హెచ్చరిక లేఖలు, కొత్త మందుల అనుమతులు తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. 2015 నవంబరులో శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ ప్లాంట్ల మీద డాక్టర్ రెడ్డీస్‌కు హెచ్చరిక లేఖ వచ్చిన వార్తతో షేరు ఒక్కరోజులో 15 శాతం దాకా పడింది. ఆ తనిఖీలు జరిగింది 2014 నవంబరు నుంచి 2015 మార్చి మధ్యలో. అంటే తనిఖీకీ లేఖకూ మధ్య నెలలు గడిచాయి. మందుల షేర్లు కొనేవాళ్లు ఏ ప్లాంటులో తనిఖీ అయింది, ఏ ప్లాంటు నుంచి అమెరికాకు ఎక్కువ సరుకు పోతుంది అని ఒక చిన్న పట్టిక రాసుకుంటే, ఎంత డబ్బు ఒకే కంపెనీలో పెట్టాలో తేల్చుకోవడానికి అది చాలా ఆధారం.

ఇక్కడ ఒక హద్దు గట్టిగా చెప్పాలి. పాశమైలారంలోనో పరవాడలోనో ప్లాంటులో పనిచేసే తమ్ముడు ఫోన్ చేసి "తనిఖీ బాగా జరగలేదన్నయ్యా" అంటే, అది మీ తెలివి కిందికి రాదు. బయటకు రాని కీలక సమాచారంతో కొనడం, అమ్మడం, చెప్పడం మూడూ సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం తప్పు. తమ్ముడి ఉద్యోగం కూడా పోతుంది.

వానలతో మొత్తం మార్కెట్‌ను ఊహించడం కూడా ఇదే కోవలోకి వస్తుందని కొందరు అనుకుంటారు, అక్కడ జాగ్రత్త. 2009లో వర్షాలు సగటుకన్నా 22 శాతం తగ్గాయి. ఆ ఏడాది సెన్సెక్స్ 81 శాతం పెరిగింది. 2015లో వర్షాలూ తగ్గాయి, సెన్సెక్స్ కూడా 5 శాతం తగ్గింది. 2023లో ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) వచ్చింది, వర్షపాతం సగటులో 94 శాతమే, నిఫ్టీ మాత్రం 20 శాతం దాకా పెరిగింది. వాన ట్రాక్టర్ కంపెనీ అమ్మకాలను కదిలిస్తుంది. సూచీలో బరువంతా బ్యాంకులది, ఐటీది, ఆయిల్‌ది. ఏ ఆనవాలు ఏ వ్యాపారానికి దగ్గరో అక్కడే వాడాలి.

డబ్బు కట్టి కొనే "అంచనా"

టెలిగ్రామ్ గ్రూపులు, "ష్యూర్ షాట్" కాల్స్ గురించి ఒక చిన్న లెక్క చాలు. 1,024 మందికి మెసేజ్ పెట్టి, సగం మందికి రేపు పెరుగుతుందని, సగం మందికి తగ్గుతుందని చెప్పండి. సరిగ్గా వచ్చిన సగానికి మళ్లీ అదే చేయండి. పది రోజులకు ఒక మనిషికి పదికి పది కరెక్ట్ అంచనాలు అంది ఉంటాయి. ఆ మనిషి ఎంత ఫీజైనా కడతాడు. 2023 అక్టోబరులో సెబీ ఒక పేరున్న యూట్యూబర్ మీద చర్య తీసుకుంటూ, కోర్సుల పేరుతో వసూలైన 17.2 కోట్లు జమచేయమంది. అదే ఆర్డర్‌లో ఆయన సొంత ట్రేడింగ్ నష్టాల్లో ఉందని కూడా రాసింది. పాఠాలు చెప్పేవాళ్లు కనీసం మూడు నెలల పాత ధరలే వాడాలని 2025 జనవరిలో సెబీ చెప్పింది. ఎవరైనా క్లాస్ పేరుతో ఈరోజు లెవెల్స్ ఇస్తుంటే, ముందు సెబీ వెబ్‌సైట్‌లో వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి.

ఎవరికి ఏది

నెలజీతంతో, రోజుకు అరగంట కూడా దొరకనివాళ్లు ఇవేవీ ఎంచుకోవద్దు. నిఫ్టీ లాంటి సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ నడవనివ్వండి, వీఐఎక్స్ చూడాల్సిన అవసరం కూడా మీకు లేదు. ఒక రంగంలో పనిచేస్తూ దాన్ని లోతుగా తెలిసినవాళ్లు, బండ్ల డీలర్ కావచ్చు, మందుల షాపు నడిపేవారు కావచ్చు, బయటి ఆనవాళ్ల పద్ధతి తీసుకోండి. రెండు మూడు కంపెనీలకు మించొద్దు. ఇప్పటికే ఆప్షన్స్ చేస్తున్నవాళ్లకు వీఐఎక్స్ తప్పనిసరి, అది ఎక్కువగా ఉన్న రోజున కొనడం మానేయడమే దాని ఫలితం. చార్టులంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇలియట్ నేర్చుకోవచ్చు, కాని లెక్కింపు మార్చిన ప్రతిసారీ పాతదాన్ని చెరపకుండా ఉంచండి. జ్యోతిషం మీద నమ్మకమున్నవాళ్లు దాన్ని మొదలుపెట్టే రోజుకు పరిమితం చేసుకోండి. రిటైర్మెంట్ డబ్బు, ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బు, పొలం అమ్మిన డబ్బు ఏ పద్ధతి పరీక్షకూ తేవద్దు. ఈ మాట బతిమాలి చెబుతున్నాను.

ఏది ఎంచుకున్నా ముందు కాగితం మీద పరీక్షించండి. నోట్‌బుక్‌లో తేదీ, ఆనాటి ధర, దిశ, ఎన్ని రోజుల్లో జరగాలో ముందే రాసి, కింద సంతకం పెట్టినంత నిక్కచ్చిగా ఉంచండి. నిఫ్టీ ఎలాగూ సగంకన్నా కాస్త ఎక్కువ రోజులు పెరుగుతుంది కాబట్టి, ప్రతిరోజూ "పెరుగుతుంది" అని చెప్పేవాడితో మీ పద్ధతిని పోల్చాలి. 30 అంచనాల్లో 18 కుదిరితే సంబరపడొద్దు, నాణెం ఎగరేసినా ఐదారుసార్లకు ఒకసారి అంత వస్తుంది. వంద అంచనాల్లో 60 కుదరడం మాత్రం నాణేనికి వందలో మూడుసార్లు కూడా జరగదు. ఆ వంద పూర్తయ్యాక, ప్రతి అంచనాకూ బ్రోకరేజీ, ఎస్‌టీటీ, పన్ను తీసేసి, అదే కాలంలో ఇండెక్స్ ఫండ్ ఇచ్చిన రాబడి పక్క గడిలో రాయండి. మీ గడిలో అంకె పెద్దదైతే, మీ మొత్తం పెట్టుబడిలో ఐదు శాతంతో మొదలుపెట్టండి.